మొగము చూడని బేరము

అమ్మువాడు కొనువాని మొగము చూడవలెనా? పుస్తకము, బట్ట, దగ్గుమందు మొదలగువాని విషయమున ఈ ప్రశ్నయే నవ్వు పుట్టించును. మన పెద్దలు వీనినన్నిటిని వి. పి. పోస్టున తెప్పించుకొని, తపాలా జవాను చేతికి రూకలిచ్చి, బంగీ విప్పుకొనుచుండిరి. మదరాసునందలి అంగడివాడు ఏలూరునందలి గృహిణిని ఎరుగడు. ఎరుగవలసిన పనియు లేదు. ఆ బేరము కొనువాని కులము నడుగలేదు. గడప దాటి అంగడికి పోజాలని స్త్రీకిని ఇంటికే పుస్తకము తెచ్చి యిచ్చినది. అచ్చట మొగము చూడకుండుట దోషము కాదు సరికదా, గొప్ప గుణము.

ఈ గుణము సమస్త వస్తువుల బేరమునందును గుణమే యగునా? ఈ సందేహమును తీర్చుకొనుటకై 1963వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన యొక బేరమును పరిశీలింతము. దాని వివరములు వారెన్ విచారణ సంఘమువారు 1964లో ప్రకటించిన నివేదికవలన లోకమునకు తెలియవచ్చినవి.

టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసు నగరమున నివసించుచుండిన లీ హార్వే ఆస్వాల్డు అను యువకుడు, లాస్ ఏంజిలీసు నగరమందలి యొక వర్తకసంస్థకు కూపను నింపి పంపెను. వాడు కోరినది వాడుకలోనుండి వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వరు. వెల 29 డాలరుల 95 సెంట్లు. అందు పది డాలరులు ముందుగా చెల్లించెను; మిగిలినది బంగీ అందినపుడు చెల్లించునట్లు ఏర్పాటు. కొనువాని పేరు ‘ఎ. జె. హైడెల్’ అని వ్రాసెను; అది కల్లపేరు. వయస్సు 28 అని వ్రాసెను. వానికి అప్పటికి నిండినవి 23 ఏండ్లే. కొనువాడు అమెరికా పౌరుడనియు, ఘోరనేరమునకు శిక్ష పొందినవాడు కాడనియు సాక్షి యొకడు తెలుపవలసిన చోటు ఆ కాగితమున నుండెను. అచ్చట ‘డి. ఎఫ్. డ్రిట్టల్’ అను పేరు గలదు. ఆ వ్రాతయు ఆస్వాల్డుదే యని దస్తూరి పరీక్షకులు తేల్చిరి.

మార్చి 20వ తేదీన బంగీ బయలుదేరెను. నవంబరు 22వ తేదీన అధ్యక్షుడు కెనడీ హతుడైన సుమారు ముప్పావు గంటకు, జె. డి. టిప్పిట్ అను పోలీసు ఉద్యోగి ఈ రివాల్వరు దెబ్బలకే వీధిలో కూలెనని సంఘము నిర్ణయించినది. అతనికి భార్యయు ముగ్గురు బిడ్డలును ఉండిరి. అధ్యక్షుని చంపిన తుపాకియు అదే కల్లపేరున చికాగో నుండి వచ్చినదే.

అమ్మినవాని తప్పేమని కొంద రడుగుదురు. అప్పటి అమెరికా చట్టము ఇట్టి బేరమును నిషేధింపలేదు. దాచుకొనదగిన తుపాకులను తపాలాలో పంపరాదని 1927లోనే శాసనము చేసిరి గాని, అది ప్రైవేటు రవాణా కంపెనీలకు వర్తింపలేదు. వీధి తలుపునకు గడియ వేసి పెరటి తలుపు తెరచి యుంచినట్లయ్యెను. ఆ రివాల్వరు ఆ పెరటిదారినే వచ్చినది. కాని చట్టము ఊరకున్నచోట ధర్మమును ఊరకుండునా? మన పల్లెలలో వంద రూపాయలకు ప్రామిసరీ నోటు వ్రాయించుకొను రైతు సైతము సాక్షి యెవడు, ఏ యూరివాడు అని విచారించి గాని రూకలు లెక్కపెట్టడు. తన సొమ్ము పోవునను భయ మతనికి కన్నులిచ్చినది. ఒరుల ప్రాణము పోవునను భయము ఆ వర్తకునకు ఏల కన్నులీయలేదు?

ఆయుధము జడపదార్థము, కత్తిపీటతోను మనుష్యుని చంపవచ్చును గదా యని మరికొందరందురు. ఈ రివాల్వరు కథయే దీనికి సమాధానము. అది రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు సేనల వాడుకకై తయారైనది. యుద్ధానంతరము మిగులు సరకై వర్తకుల పాలయ్యెను. అయిదంగుళముల గొట్టమును కోసి 2¼ అంగుళములకు కుదించి, వేరొక రకపు తోటాలు పట్టునట్లు మలచిరి. గొట్టమును కుదించినచో గురి కుదురదు. దాచుటకు మాత్రము అనువగును. కోసినవానికి కొనువాని పేరు తెలియదు నిజమే. ఆ వస్తువు దేనికి అనువగుచున్నదో తెలియదనుట మాత్రము నమ్మదగిన మాట కాదు.

ఇచ్చట దొరకనిచో వాడు వేరొకచోట కొనియుండడా యను ఆక్షేపణ గట్టిది. కొనియుండవచ్చును, అంగడివాడు జాగ్రత్తపడినచో ఆ హత్య తప్పిపోయెడిదని మేము వాదింపము. అయినను, దొంగ మరియొక నిచ్చెన తెచ్చుకొనగలడని మన నిచ్చెనను వానికిత్తుమా?

అన్నిటికంటె గట్టి ఆక్షేపణ మన చరిత్రమునుండియే పుట్టుచున్నది. 1878వ సంవత్సరపు ఆయుధచట్టము క్రింద పరప్రభుత్వమువారు భారతీయులను లైసెన్సు లేనిదే ఆయుధము ముట్టనీయక, ఐరోపీయులకు మినహాయింపు లిచ్చిరి. మొగము చూచుట యనగా నట్టిదేకదా యని శంకింపవచ్చును. అచ్చట వారు చూచినది మొగమును కాదు, చర్మపు రంగును. వర్ణమును గాని కులమును గాని చూడనక్కరలేదని వి. పి. బంగీ మనకు నేర్పినది. పేరు నిజమా, వయస్సు నిజమా, సాక్షి యున్నాడా, వీని మనస్సు కుదురుగా నున్నదా యనునవి చూడవలసినవి. నిజాయితీపరునికి దీనివలన కలుగు నష్టము ఒక పూట శ్రమ మాత్రమే.

ఆ దేశమున తపాలా బేరమును అరికట్టవలెనని సెనేటు సభ్యుడు థామస్ డాడ్ కెనడీ హత్యకు ముందే, 1963 ఆగస్టులో, బిల్లు ప్రతిపాదించెను. 1968లో మార్టిన్ లూథర్ కింగును, రాబర్టు కెనడీయు హతులైన పిమ్మట గాని శాసనము రాలేదు.

మనమును పరులను నిందించి ఊరకుండరాదు. యాసిడు కొనువాని గుర్తింపు పత్రము చూచి పుస్తకమున వ్రాసికొనవలెనని 2013లో మన సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. 2022 డిసెంబరున ఢిల్లీలో ఒక బాలికపై చల్లిన యాసిడును ఇంటర్నెట్టు అంగడినుండి తెప్పించిరని పోలీసులు చెప్పిరి. తొమ్మిదేండ్లు గడచినను పెరటి తలుపు తెరచియే యుండెను.

చదువరులారా! ఎవడో కాగితము తెచ్చి “ఇచ్చట సాక్షిగా ఒక్క సంతకము చేయుడు” అనినపుడు, మొగమాటముచే చేయుచుందుము గదా? ఆస్వాల్డు తన సాక్షిని తానే కల్పించుకొనెను; మనము నిజమైన పేళ్లతో ఎందరికో అట్టి సాక్షులమగుచున్నాము. ఎరుగనివానికి “నిన్ను నేనెరుగను” అని చెప్పుట అమర్యాద కాదు. ఆ మాట చెప్పుటను మన యింటినుండియే మొదలుపెట్టవలెనని మా మనవి.