మూలపడిన బండియు, మూలపడిన సహోదరుడును

ధ్యాన భాగము: గలతీయులకు 6:1–5, 2 కొరింథీయులకు 2:5–8



గలతీ సంఘములకు వ్రాయుచు అపొస్తలుడైన పౌలు విశ్వాసులకు ఒక కష్టమైన పని అప్పగించెను. తప్పులో పడినవాడొకడు కనబడినప్పుడు ఆత్మానుసారముగా నడుచువారు అతనిని మెత్తని మనస్సుతో సరిచేయవలెననియు, ఆ పని చేయునప్పుడు తమ్మును తాము కనిపెట్టుకొనవలెననియు చెప్పెను. ఈ సరిచేయుట అను భావమునకు గ్రీకు భాషలో ఆయన వాడిన మాటయే మార్కు సువార్త 1:19లోను ఉన్నది. యాకోబు యోహానులు దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనుచున్న చోట ఆ మాట వచ్చును. చినిగిన వలను జాలరి ఏటిలో పారవేయడు. దానిని ఒడిలో పెట్టుకొని, తెగిన కన్ను ఎక్కడనో వ్రేళ్లతో వెదకి, అక్కడ ముడి వేయును.

వల బాగుచేయుట చూడనివారు మనలో ఉండవచ్చును గాని, పాత మోటారుసైకిలు బాగుచేయుట చూడనివారు తక్కువ. కాబట్టి ఈ నెల ఆ పనినే ఎదుట పెట్టుకొని ధ్యానింతము.

మన పల్లెలలో కొన్ని యిండ్లయందు పశువుల కొట్టములోనో, గడ్డివామి ప్రక్కనో గోనెపట్టా క్రింద ఒక పాత బుల్లెట్టు ఉండును. ఈ బండి మొదట ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున తయారైనది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి మన దేశములోనే దానిని చేయనారంభించిరి. 1967లో రెడ్డిచ్ కర్మాగారము మూతపడినను మద్రాసులో పని ఆగలేదు. అందుచేత ఎంత పాత బండికైనను నేటికిని చాలవరకు భాగములు దొరకుచున్నవి. తాతగారు పొలమునకును, సంతకును, ఆదివారము మందిరమునకును ఆ బండి మీదనే వెళ్లిరి. ఆయన పోయిన తరువాత దానిని తాకినవారు లేరు. పాత ఇనుప సామాను కొనువాడు వాకిట నిలిచి చూచినప్పుడు, అతనికి అందులో 160 కిలోలకు పైబడిన బరువు కనబడును. మనుమడు చూచినప్పుడు వానికి తాత కనబడును. వాడు బేరము వద్దని చెప్పి, పానాలు తెచ్చుకొని, సాయంకాలమున దాని ప్రక్కన కూర్చుండును.

ఇప్పుడు మన సంఘములను చూచుకొందము. ప్రతి సంఘమునకును ఇట్లు మూలపడిన సహోదరుడొకడు ఉండును. ఒకప్పుడు పాటలకు డోలు కొట్టినవాడే, కానుక పళ్లెము పట్టినవాడే. త్రాగుడులోనో, డబ్బు విషయములోనో పడెను. పెద్దలు కూడి అతనిని ప్రభువు బల్లకు దూరముగా ఉంచిరి. అది న్యాయమే. అయితే దాని తరువాత రెండు, మూడు సంవత్సరములు గడచెను. ఆదివారము గంట మ్రోగునప్పుడు అతడు తన గడపలో కూర్చుండి వినుచుండును. మనము బైబిలు చంకను పెట్టుకొని ఆ వీధినే నడచిపోవుదుము. మన చూపు అతనిలో బరువునే చూచుచున్నదా, తండ్రిని చూచుచున్నదా?

మొదటిది, బలవంతము పనికిరాదు. ఏండ్ల తరబడి కదలని ఇంజనులో పిస్టను రింగులు తుప్పుపట్టి సిలిండరు గోడకు అంటుకొనును. తెలియనివాడు వచ్చి కిక్కు మీద నిలువెత్తు ఎక్కి త్రొక్కును. లోపల పండ్లో రింగులో విరుగును. తెలిసినవాడు ముందుగా స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రములో పలుచని నూనె కొంచెము పోసి విడిచిపెట్టును. మరునాడు మరికొంత పోయును. ఇట్లు కొన్ని దినములు గడచిన తరువాత, పై గేరులో వేసి వెనుక చక్రమును చేతితో ముందుకు వెనుకకు మెల్లగా ఊపును. వెంట్రుకవాసి కదిలినను ఆ దినమునకు చాలునని లేచిపోవును. పౌలు చెప్పిన మెత్తని మనస్సు ఇట్టిదే. మొదటి దినముననే ఆ సహోదరుని యింటికి పోయి, తప్పు ఒప్పుకొందువా లేదా అని నిలదీయువాడు కిక్కు మీద ఎక్కినవాడు. ముందు పోయి అరుగు మీద కూర్చుండవలెను. పంట సంగతి, పిల్లల చదువు సంగతి అడుగవలెను. ప్రార్థించి రావలెను. మరుసటి వారము మరల పోవలెను.

రెండవది, రంగు ముందు పూయరాదు. తొందరపడువారు పెట్రోలు ట్యాంకునకు పైన నల్లరంగు వేయించి, బంగారు గీతలు దిద్దించి, అద్దము వలె మెరిపింతురు. లోపలి తుప్పు అట్లే ఉండును. పెట్రోలు పోసిన వెంటనే ఆ తుప్పు కార్బరేటరులోనికి దిగి, సన్నని జెట్టు రంధ్రమును మూయును. బండి నాలుగు వీధులు తిరిగి ఆగిపోవును. అందుచేత మంచి పనివాడు ముందుగా ట్యాంకులో కిరసనాయిలును, చిన్న నట్లును వేసి, తుప్పు ఊడువరకు గలగలలాడించి, కడిగి, ఆరబెట్టును. రంగు పని కడపటిది. గిన్నె లోపలిభాగము ముందు శుభ్రము కావలెనని మన ప్రభువు పరిసయ్యులకు బోధించెను (మత్తయి 23:26). పడిపోయిన సహోదరునికి తెల్లని చొక్కా తొడిగించి, ముందు బెంచీ మీద కూర్చుండబెట్టినంత మాత్రమున సరిచేయుట కాదు. తీసికొనిన డబ్బు మరల ఇయ్యవలెను. కొట్టబడిన భార్యతో సమాధానపడవలెను. ఆమె కన్నీటిని పక్కకు త్రోసి అతనిని సన్మానించిన సంఘము తుప్పు మీద రంగు పూసిన సంఘమే.

మూడవది, విప్పినదానిని భద్రపరచవలెను. ఇంజను విప్పునప్పుడు ప్రతి బోల్టును వేరువేరు డబ్బాలలో వేసి, ఎక్కడిదో గురుతు వ్రాసికొందురు. నేల మీద పడవేసినయెడల మరల బిగించు దినమున సగము దొరకవు. ఆ సహోదరుడు మనస్సు విప్పి చెప్పిన సంగతులు కూడ అట్టివే. అవి మన యొద్ద డబ్బాలో ఉండవలెను. బావియొద్దను, బడ్డీకొట్టు యొద్దను వాటిని చెదరగొట్టినయెడల ఆ మనిషిని మరల కూర్చుట మనచేత కాదు.

నాలుగవది, చిన్న కారణమును వెదకవలెను. అంతయు బాగున్నను కొన్నిసార్లు ఇంజను పలుకదు. అప్పుడు పాయింట్ల మూత తీసి చూచెదరు. ఆ రెండు పాయింట్ల నడుమ ఉండవలసిన ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు మాత్రమే; ఇంచుమించుగా గోరు మందము. అక్కడ మసి పట్టినను, ఎడము తప్పినను నిప్పురవ్వ రాదు. రవ్వ రానప్పుడు ఎంత పెట్రోలు పోసినను వృథా. ఒక మనుష్యుడు సంఘమునకు రాకపోవుటకు త్రాగుడే కారణమని మనమందుము. అడిగి చూచినయెడల, బిడ్డ చనిపోయిన దినమున మనలో ఒక్కరును ఆ గడప త్రొక్కలేదని తెలియవచ్చును. పెండ్లి పందిట్లో ఎవరో అన్న ఒక మాట తెలియవచ్చును. అతని పాపమునకు అది సాకు కాదు. కాని ఆ మసి తుడువవలసినది మనమే. అందుకే మనలను మనము చూచుకొనుడని పౌలు హెచ్చరించెను.

ఐదవది, నడచిన తరువాతను ఓర్పు కావలెను. కిక్కు కొట్టుట సైతము బలము పని కాదు. డీకంప్రెసరు మీట పట్టి, పిస్టనును ఒత్తిడి దాటించి, మీట వదలి, నిండుగా ఒక్క త్రొక్కు త్రొక్కవలెను. పొగ వచ్చును, ఇరుగుపొరుగువారు నవ్వుదురు, తరువాత ఆ పాత శబ్దము వినబడును. ఇంటిల్లిపాది బయటకు వత్తురు. కాని పనివాడు వెంటనే బండి ఎక్కి పోడు. పైకి నూనె ఎక్కుచున్నదో లేదో చూచును. బ్రేకులు పట్టుచున్నవో లేదో చూచును. ఆగలేని బండిని నడిపించుట నడిపించువానికిని, దారిన పోవువారికిని అపాయము. అట్లే, పశ్చాత్తాపపడిన సహోదరునికి మొదటి నెలలోనే సంఘపు పెట్టె తాళము ఇచ్చుట ప్రేమ కాదు, అతనికి శోధన. బెంచీలు తుడుచు పని ఇయ్యుడి, డోలు ఇయ్యుడి, అతనితో కూడ నడువుడి. మార్కు పంఫూలియలో పనిని విడిచి వెళ్లినప్పుడు పౌలు అతనిని మరల వెంట తీసికొనుటకు ఒప్పుకొనలేదు. బర్నబా అతనిని కుప్రకు తీసికొనిపోయెను (అపొ. కార్య. 15:37–39). ఏండ్లు గడచిన తరువాత ఆ పౌలే, మార్కు తనకు పనికివచ్చువాడని వ్రాసి పిలిపించుకొనెను (2 తిమోతి 4:11). నడుమ ఓర్చుకొనినవాడు బర్నబా.

ఇంకొక సంగతి. పెరటిలో ఇంజను మ్రోగినంత మాత్రమున బండి రోడ్డెక్కరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత బండి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి 5 సంవత్సరములకు నూతనపరచుకొనవలెను. యజమాని చనిపోయినయెడల వారసుని పేరునకు మార్పించుకొనవలెను. అప్పుడే అది అందరియెదుట బండి. కొరింథు సంఘము శిక్షించిన మనుష్యుని గూర్చి పౌలు వ్రాసినది చూడుడి. పడిన శిక్ష చాలునని, ఇక క్షమించి ఆదరింపుడని, లేనియెడల అతడు దుఃఖములో మునిగిపోవునని, అతనియెడల తమ ప్రేమను స్థిరపరచుడని బ్రతిమాలెను. మనము అందరియెదుట దూరపరచినవానిని చాటుగా క్షమించుట చాలదు. అందరియెదుటనే పేరు పెట్టి పిలిచి చేర్చుకొనవలెను. శిక్షకు సభ కూడిన పెద్దలు దీనికిని సభ కూడుదురుగాక.

ప్రియులారా, వచ్చు ప్రభువు బల్లకు ముందుగా మీ గ్రామములో ఆ గడప ఏదో తలంచుకొనుడి. ఇద్దరు కలిసి పోవుడి. రమ్మనుటకు ముందు, ఎట్లున్నావని అడుగుడి. అతడు తలుపు తీయకపోయినను మరుసటి వారము మరల పోవుడి.

ప్రార్థన: చెదరినవారిని సమకూర్చు తండ్రీ, మేము మూలకు నెట్టిన మా సహోదరుని నీవు మరువలేదు. మా చేతులకు మెత్తదనమును, మా నోటికి కావలిని, మా మనస్సులకు ఓర్పును దయచేయుము. అతని యింటివారి గాయములను మాన్పుము. మమ్మును, అతనిని ఒక్క బల్లయొద్ద కూర్చుండజేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.