పెట్టని మంట ఎవరి ఖాతా?

ఎండుటాకులూ పుల్లలూ ముందే కాల్చేస్తే వేసవి కార్చిచ్చుకి మేత దొరకదని, పశ్చిమ ఆస్ట్రేలియాలో మార్గరెట్ రివర్ దగ్గర 2011లో ప్రభుత్వ శాఖే అడవికి మంట పెట్టింది. నవంబరు గాలులకి అది చెయ్యి దాటింది. 30కి పైగా ఇళ్లు కాలిపోయాయి. విచారణ జరిగింది. అడగడానికి ఒక శాఖ, ఒక సంతకం ఉన్నాయి కదా.

మంట పెట్టకుండా వాయిదా వేస్తే? ఎప్పుడో అదే అడవి అంటుకుంటే పిడుగు ఖాతాలోనో, ఎండల ఖాతాలోనో రాసేస్తాం. వాయిదా మీద కూడా సంతకం ఉంటుంది, దాన్నెవరూ వెతకరు. కాలిన ఇంటికి అడ్రసుంది. కాలకుండా మిగిలిన ఇల్లు ఏదంటే ఎవరూ చూపించలేరు.

అదే దేశంలో, 2009లో 173 మందిని బలిగొన్న విక్టోరియా మంటల తర్వాత విచారణ కమిషన్ ఏటా కనీసం 5 శాతం ప్రభుత్వ భూమిని కాల్చమంది. టార్గెట్ అంకె ఇస్తే ఏమవుతుందో సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పక్కర్లేదు: ఊళ్లకి దూరంగా ఉన్న పొదలు కాల్చినా హెక్టార్లు నిండుతాయి. తర్వాత విక్టోరియా హెక్టార్లు వదిలి, ఇంకా ఎంత ప్రమాదం మిగిలింది అనే లెక్కకి మారింది. మంచిదే. కానీ ఆ లెక్క ఇళ్ల పక్కనే కాల్చమంటుంది. అదుపు తప్పితే కాలేవీ ఆ ఇళ్లే. అక్కడుండే వాళ్లకి రెండు ప్రమాదాలూ చెప్పి అడగకుండా పెట్టిన మంట, చెయ్యి దాటకపోయినా, నాకు సబబుగా అనిపించదు.