పరదేశి అన్న మాట

సెమినరీలో చేరేనాటికి నాకు నలభై మూడేళ్లు. పగలు ఆఫీసు, వారానికి రెండు రాత్రులు హీబ్రూ తరగతి. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి బహుమతులు తెచ్చుకున్నదాన్ని కదా, బైబిలు నాకు తెలుసనే ధీమాతో వెళ్లాను. ఆరు నెలల్లో ఆ ధీమా పోయింది. మోషే కాండాల్లో వేర్వేరు కాలాల రచయితల చేతులున్నాయని పండితులు వచనం వచనం విప్పి చూపిస్తుంటే, ఇంటికొచ్చి ప్రార్థనకు నోరు పెగలని రాత్రులున్నాయి.

మళ్లీ నన్ను మోకాళ్ల మీదికి తెచ్చింది ఒక్క మాట. హీబ్రూలో 'గేర్', మన తెలుగు బైబిల్లో 'పరదేశి'. దారిన పోయే విదేశీయుడికి అక్కడ వేరే మాట ఉంది, 'నోఖ్రీ' అని. గేర్ అలా కాదు. సొంత భూమి, బంధుబలగం లేకుండా పరాయి జనం మధ్యే కాపురముండేవాడు. లేవీయకాండం 19వ అధ్యాయం వాణ్ని నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే ప్రేమించమంటుంది, ఐగుప్తులో మీరూ అలా బతికినవాళ్లేనని గుర్తుచేస్తుంది. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినదాన్ని. అది మా గురించేననుకుని కన్నీళ్లు పెట్టుకున్నాను.

"మీ సొంత ఊళ్లో గేర్ ఎవరు?" అని అడిగారు ప్రొఫెసరుగారు. జవాబు రాయడానికి వారం పట్టింది.

మాది ఒంగోలు వైపు. అక్కడ 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోలు పనివాడు, మాదిగ. ఊరూరా తిరిగి తనవాళ్లకు సువార్త చెప్పాడు. తర్వాత పెద్ద కరువొచ్చింది. మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని తీసుకుని కూలి ఇప్పించాడు. తిండికోసం చేరారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఎక్కువమంది మాదిగలే. పుట్టిన ఊళ్లోనే బావి దగ్గరికి రానివ్వని మనుషులు. చిన్నప్పటినుంచీ ఈ కథ ఘనంగా చెప్పుకుంటున్నాం. వాళ్లెవరో మాత్రం దాటేసి చెప్పుకుంటున్నాం.

సముద్రాలు దాటొచ్చినా పెళ్లి మాట రాగానే మన సంఘాల్లో మొదటి ప్రశ్న "మనవాళ్లేనా?" అనే. మా అబ్బాయి సంబంధానికి నేనూ అదే అడిగాను. జవాబు విని, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ప్రొఫెసరుగారికి ఆ జవాబు రాసిచ్చేసిన శనివారం ఆ పిల్ల తల్లికి ఫోన్ చేసి, జరిగింది చెప్పి క్షమించమన్నాను. చాలాసేపు ఆవిడ మాట్లాడలేదు. తర్వాత, "రేపు ఆరాధనకి వస్తున్నారా అక్కా?" అని మాత్రం అడిగింది.