నిప్పులేని పరీక్ష

నా బల్ల సొరుగులో పొగతాగే పైపు ఒకటుంది. నాకు పొగ అలవాటు లేదు. మా నాన్నకూ లేదు. అయినా ఆ పైపు చేసింది మా నాన్నే. చేసే పని మంచిదైతే చేసిన వస్తువు కూడా మంచిదే అవుతుందా అన్న ప్రశ్న నాకు దాంతోనే మొదలైంది.

నాన్నది ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్కబొమ్మల సంగతి చదువరులకు తెలిసిందే. తిరిగే అంకుడు కర్రకు లక్కను అదిమితే, రాపిడి వేడికి అది కరిగి కర్రను పట్టుకుంటుంది. చంటిపిల్లలు గిలక్కాయను ముందు నోట్లోనే పెట్టుకుంటారు కదా! అందుకని మా తాత తాను చేసిన ప్రతి గిలక్కాయనూ ముందు తన నోట్లో పెట్టుకుని చూసేవాడట. తరువాతి కాలంలో ఆ ఊరికి రసాయనాల రంగులు వచ్చాయి. మళ్ళీ పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి రంగులకు మళ్ళించడానికి సి.వి. రాజుగారి వంటివారు ఏళ్ళ తరబడి పాటుపడవలసి వచ్చింది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు నాకు తాత నోరే గుర్తుకొచ్చింది.

మనలిలో రిఫైనరీ 1969లో పని మొదలుపెట్టిన రోజుల్లో నాన్న ఇక్కడికి వచ్చాడు. కర్రను వదిలి ఇనుము పట్టాడు. బుష్‌లు, షాఫ్టులు తిప్పాడు. అయినా లేత్ మిషన్‌ను చివరిదాకా ‘తరిమెన’ అనే అన్నాడు. మా పట్టరైలో తమిళ కుర్రవాళ్ళకు కూడా ఆ మాట పట్టుబడింది.

1988లో, ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు విరిగిన పైపునూ, మూడు కర్ర దిమ్మలనూ తెచ్చారు. ఆ కర్ర పేరు బ్రయర్. మధ్యధరా సముద్ర తీరాల కొండల మీద పెరిగే ఒక పొదకు, కాండం వేరును కలిసేచోట, మట్టిలో బుడిపె ఊరుతుంది. దాన్ని తవ్వి, కోసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలలకు నెలలు నీడన ఆరబెడతారు. నిప్పును ఓర్చుకునే కర్ర అది. ఫ్రాన్సులో సాన్‌క్లోడ్ అనే ఊరు 19వ శతాబ్దం నడుమ నుంచి ఈ పనికి పేరుపడింది.

ఇన్నేళ్ళకు నాన్న చేతికి మళ్ళీ కర్ర తగిలింది. మొదటి దిమ్మలో లోపల దాగిన పుచ్చు చివర్లో బయటపడి, అది కాస్తా పోయింది. రెండోదాన్ని నాలుగు రోజులు తొలిచాడు. పొగ వచ్చే సన్నటి రంధ్రం సరిగ్గా గిన్నె అడుగున తేలాలి. పైకి తేలితే అడుగున పొగాకు కాలకుండా తడిసి మిగిలిపోతుంది. గిన్నె గోడ పలచబడితే కర్రే కాలుతుంది. అంతా అయ్యాక నోట్లో పెట్టుకుని, ఖాళీగా పీల్చి చూశాడు. గాలి ఎక్కడా తట్టుకోకుండా వచ్చింది. అప్పటి నాన్న ముఖంలాంటి ముఖం ఇనుము దగ్గర నేనెన్నడూ చూడలేదు.

1995లో ఆ పెద్దాయన భార్య వచ్చారు. పైపును బల్ల మీద పెట్టి, “ఆయన పోయారు. గొంతు క్యాన్సర్. ఇది ఇంట్లో ఉండటం నాకిష్టం లేదు” అని తమిళంలో అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. మేమిచ్చిన కాఫీ తాగి వెళ్ళారు. ఆ రాత్రి నాన్న, “నేనూ నోట్లో పెట్టుకునే చూశాన్రా. కాని నిప్పు లేకుండా చూశాను” అన్నాడు. మూడో దిమ్మ అలాగే ఉండిపోయింది.

ఆయన అంతకుముందు ముప్ఫై ఏళ్ళుగా తాగుతున్నారు. నాన్న చేసివ్వకపోతే ఇంకొకటి కొనుక్కునేవారు. నిజమే. కాని ‘నేను కాకపోతే మరొకడు’ అన్నది ఎవరైనా చెప్పగల మాట. అందరూ చెప్పగల మాట ఏ ఒక్కరినీ కాపాడలేదు. కత్తి చేసినవాడికి హత్యతో ఏం సంబంధమంటారు. కత్తి కూర కూడా తరుగుతుంది. పైపుకు ఒక్కటే పని. గుంటూరు రైతు పొగాకు వేస్తే, వెనక అప్పూ పిల్లల చదువూ ఉంటాయి. అతణ్ణి తప్పుపట్టే నోరు నాకు లేదు. నాన్నను నడిపింది ఆకలి కాదు, పనితనంలోని ఆనందం. ఆకలి కన్నా ఆ ఆనందమే మనిషి కంటికి ఎక్కువ గంతలు కడుతుందేమో! రంధ్రం ఎక్కడ తేలాలో అంత జాగ్రత్తగా చూసిన మనిషి, అందులోంచి వచ్చేది ఎక్కడికి పోతుందో చూడలేదు.

పోయిన ఏడాది మా బంధువుల కుర్రవాడొకడు యాభై పైపులకు ఆర్డరు తెచ్చాడు. మంచి ధర. కాదన్నాను. వాడు నవ్వి, “చిన్నాన్నా, నువ్వు తిప్పే బుష్‌లు ఏ పొగగొట్టం కింద తిరుగుతున్నాయో ఎప్పుడైనా అడిగావా?” అన్నాడు.

మనలిలో ఉంటూ ఆ ప్రశ్నను తోసెయ్యడం కష్టం. బుష్ నీళ్ళ పంపులోనూ తిరుగుతుంది, ఎందులోకి పోతుందో నాకు తెలియదు, పైపు సంగతి పూర్తిగా తెలుసు, తెలిసినంత మేరకే బాధ్యత అని జవాబు చెప్పాను. చెబుతుండగానే ఆ జవాబులోని పుచ్చు నాకే కనబడింది. తెలియకపోవడం వేరు, అడగకపోవడం వేరు. నాన్న నిప్పు లేకుండా పీల్చి చూసినట్టే, నేను అడగకుండా బిల్లు రాస్తున్నాను.

ఆర్డరు ఒప్పుకోలేదు. దానికి నేను గర్వపడటమూ లేదు. అప్పటినుంచి కొత్త పని ఏదొచ్చినా, ఇది ఎక్కడికి పోతుందని అడుగుతున్నాను. కొందరు చెబుతారు, కొందరు విసుక్కుంటారు. అడగడం మరిచిపోయిన రోజులూ ఉన్నాయి. అలాంటి రోజు సొరుగు తెరిస్తే పైపు కనబడుతుంది. ఇప్పటికీ ఎంత అందంగా ఉందో!