అందుబాటులో లేరు

మన ఇళ్ళల్లో పిల్లలకి పెద్దవాళ్ళు దగ్గరుండి నేర్పించే మొదటి అబద్ధం "నాన్నగారు ఇంట్లో లేరని చెప్పు" అన్నది. చీటీ డబ్బుల కోసం వచ్చినవాడికో, అప్పిచ్చినవాడికో, ఊరికే కబుర్లేసుకుని కూచునే పక్కింటాయనకో ఆ మాట చెప్పేవాళ్ళం. "లేరని చెప్పమన్నారండీ" అని బయటపెట్టేసే గుంటడు ప్రతి ఇంట్లోనూ ఒకడుండేవాడు. వచ్చినాయనకి కూడా అసలు సంగతి తెలుసు. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి కదా. అయినా "సరే, మళ్ళీ వస్తానని చెప్పు బాబూ" అని వెళ్ళిపోయేవాడు. ఆలోచిస్తే అది అబద్ధం కంటే మర్యాద అనిపిస్తుంది. "ఈ గంట నాది, నీకు ఇవ్వలేను" అని మొహమ్మీద చెప్పలేక ఇద్దరూ కలిసి ఆడుకునే చిన్న నాటకం.

ఇమాన్యుయేల్ కాంట్ దీనికి ఒప్పుకోడు. 1797లో రాసిన ఒక వ్యాసంలో ఆయన సరిగ్గా ఇదే గుమ్మం దగ్గర నిలబడి వాదించాడు. నీ స్నేహితుడు నీ ఇంట్లో దాక్కున్నాడు, చంపేవాడొచ్చి "ఉన్నాడా?" అని అడిగాడు, అప్పుడైనా అబద్ధం చెప్పే హక్కు నీకు లేదన్నాడు. రెండువందల ఏళ్ళుగా దీని మీద తగువులాడుతూనే ఉన్నారు. నాకు ఆశ్చర్యం ఏమిటంటే, కాంట్ సాధించలేనిది ఫోన్ సాధించింది. "ఇంట్లో లేరు" అన్న మాటకి ఇవాళ అర్థమే లేదు. మనిషి ఇంట్లో ఉన్నా లేకపోయినా ఫోన్ జేబులో ఉంది. ఎప్పుడు చూశాడో లాస్ట్ సీన్ చెప్పేస్తుంది, చదివాడో లేదో నీలం టిక్కులు చెప్పేస్తాయి. నిజం చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది గానీ, ఆ అబద్ధం ఇన్నాళ్ళూ కాపాడిన గంటని ఇప్పుడు ఎవరు కాపాడతారన్నది తేలలేదు.

నేను అడగదల్చుకున్న ప్రశ్న ఇది: పిలిస్తే పలకడం ఎంతవరకు మనిషి ధర్మం? ఎత్తకపోతే తప్పు చేసినట్టేనా?

దీన్ని విశాఖపట్నంలో కూచుని ఆలోచించడానికి ఒక సదుపాయం ఉంది. ఇది మొదట్నించీ ఆగకూడని పనుల ఊరు. 1933లో మొదలైన పోర్టు, దాని వెనక షిప్‌యార్డు, రిఫైనరీ, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ. ఓడ రాత్రనకా పగలనకా వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేసు ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి మండుతూనే ఉండాలి. కోక్ ఓవెన్లు చల్లారితే లోపలి ఇటుకలు పగిలిపోతాయి. స్టీల్‌ప్లాంటులో ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. నదులు కూడా ఎండాకాలం కొంచెం తగ్గుతాయి, వీటికి అదీ లేదు. 1990లో మొదటిది వెలిగింది.

మరి నిద్రపోని యంత్రం దగ్గర నిద్రపోవాల్సిన మనిషి ఎలా పనిచేస్తాడు? దానికి కనిపెట్టిందే షిఫ్టు. ఎ, బి, సి. ఎనిమిది గంటలకొకసారి మనుషులు మారతారు. ఆ ఏర్పాటు మొత్తానికి ఇరుసు లాంటి మాట ఒకటుంది: రిలీవరు. నీ తర్వాత షిఫ్టువాడొచ్చి నిన్ను వదిలించేదాకా నువ్వు కదలకూడదు. వాడికి బస్సు దొరక్కపోయినా, ఒంట్లో బాగాలేకపోయినా నువ్వే ఉండాలి. అది కఠినమైన నియమమే. కానీ వాడొచ్చి "సరే, నేను చూసుకుంటాను" అన్నాక ఇక నువ్వు ఎవరికీ జవాబుదారీ కాదు. కూర్మన్నపాలెంలో మా ఎరికలో ఒక రిటైరైన ఫర్నేసు ఆయన ఉన్నారు. ఆయన మాటల్లో చెప్పాలంటే, "డ్యూటీ దిగితే దిగినట్టే బావూ. గేటు దాటినాక ఫర్నేసుకి నానెవుణ్ణి, నాకది ఏటి?" 

ఆయన కొడుకు మధురవాడ వైపు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. వారంలో మూడ్రోజులు ఇంట్లోంచే పని. రాత్రి అన్నం తింటూ ఎడంచేత్తో మెసేజీలు చూసుకుంటూ ఉంటే తండ్రి అడిగారట, "ఒరే, నీ రిలీవరు ఎప్పుడొస్తాడ్రా?" అని. వాడికి ఆ మాటే అర్థం కాలేదు. "రిలీవరేంటి నాన్నా, నేనే కదా" అన్నాడట.

అంతే తేడా అనుకుంటాను. ఫర్నేసు ఆగదు కాబట్టి మనిషిని మార్చారు. ఫోన్ ఆగదు, కానీ మనిషిని మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఎందుకంటే ఫర్నేసు ముందు ఎనిమిది గంటలు నిలబడ్డవాడి అలసట కళ్ళకి కనిపిస్తుంది, చొక్కా మీద ఉప్పు తేలుతుంది. మెసేజీకి "ఓకే సర్" అని కొట్టడం పనిలా కనిపించదు. అర నిమిషం కూడా పట్టదు. ఆ అర నిమిషం కోసం సాయంత్రమంతా చెవి అటే వేసి ఉంచాలన్నది లెక్కలోకి రాదు.

లెక్కలోకి రాని ఆ ఎదురుచూపుకి ఇదే ఊళ్ళో ఒకప్పుడు లెక్క ఉండేది. 1948లో డాక్ కార్మికుల చట్టం వచ్చింది. అంతకుముందు రేవుల్లో కళాసీల బతుకు రోజు కూలీ బతుకే. పొద్దున్నే వెళ్ళి నిలబడాలి, మేస్త్రీ చెయ్యి చూపించినవాడికి పని, మిగిలినవాళ్ళు ఖాళీ చేతులతో ఇంటికి. ఆ చట్టం కింద వచ్చిన పథకాల్లో, పేరు నమోదైన కార్మికుడు పిలుపు వేళకి వచ్చి నిలబడితే, ఆ రోజు ఓడ లేకపోయినా అతనికి హాజరు డబ్బులు ఇవ్వాలని రాశారు. విశాఖలోనూ డాక్ లేబర్ బోర్డు ఆ పద్ధతిలోనే నడిచింది. దాని వెనక ఉన్న ఆలోచన చిన్నది కాదు. ఓడ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, వస్తే దించడానికి మనుషులు సిద్ధంగా ఉండటమే రేవుకి లాభం. సిద్ధంగా ఉండటమూ పనే, దానికీ ఖరీదుంది.

ఇప్పుడు జగదాంబ దగ్గరో, ద్వారకానగర్‌లోనో, ఎంవీపీ కాలనీలోనో హోటళ్ళ ముందు బళ్ళ మీద కూచుని ఫోన్లలోకి చూస్తున్న డెలివరీ కుర్రాళ్ళని చూడండి. యాప్ తెరిచి ఉంచాలి, ఆర్డరు మోగితే క్షణాల్లో ఒప్పుకోవాలి. మోగనంతసేపూ వాళ్ళకి రూపాయి లేదు. పాత రేవు గేటే ఇది, మేస్త్రీ మాత్రం కనిపించడు. 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్ వర్కర్ అన్న మాటని చట్టంలోకి తెచ్చింది, మంచిదే. ఎదురుచూపుకి కూలి ఇవ్వాలన్న మాట మాత్రం అందులో రాలేదు. డెబ్భై ఏళ్ళ కిందట ఒప్పుకున్న న్యాయాన్ని మళ్ళీ మొదట్నించీ వాదించుకోవాల్సి రావడం విచిత్రంగా లేదూ?

ఉద్యోగం గట్టిగా ఉన్నవాళ్ళ సంగతి కూడా గొప్పగా ఏమీ లేదు. 2022 ఆగస్టులో రాష్ట్రంలో ప్రభుత్వ టీచర్లని ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వాడమన్నారు. టీచర్లు గొడవ చేశారు. బయటివాళ్ళు చాలామంది "బడికి టైముకి వెళ్ళమంటే ఇంత ఏడుపు ఎందుకు" అన్నారు. టైముకి వెళ్ళమనడంలో తప్పేం లేదు, నేనూ ఒప్పుకుంటాను. వాళ్ళ అభ్యంతరాల్లో నాకు ముఖ్యమనిపించింది వేరొకటి: ఆ ఫోన్ ఎవరిది? సొంత డబ్బుతో కొనుక్కున్న ఫోను, సొంత డేటా. సర్కారు హాజరుపట్టీ టీచరు జేబులోకి వచ్చి కూచుంది. పూర్వం హాజరుపట్టీ హెడ్మాస్టరు బీరువాలో ఉండేది, సాయంత్రం దానికి తాళం పడేది.

ఇంతవరకూ చదివి, ఫోన్ తీసి సముద్రంలో పారేయమంటున్నాననుకోకండి. ఎవరికీ దొరక్కుండా పోవడం ఎలా ఉంటుందో ఈ ఊరు చూసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. కరెంటు పోయింది, టవర్లు పోయాయి, రోజుల తరబడి ఫోన్లు మూగబోయాయి. ఆ రోజుల గురించి ఇప్పుడు కొందరు మురిపెంగా చెప్పుకుంటారు, వీధిలో అందరం కలిసి వండుకున్నాం, పక్కింటివాళ్ళ పేర్లు అప్పుడే తెలిశాయి అని. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఎక్కడో దూరదేశంలో ఉండి అమ్మానాన్నలు బతికున్నారో లేదో తెలియక రోజులు లెక్కపెట్టినవాళ్ళని అడిగితే అందులో మురిపెం ఏమీ ఉండదు.

2020 మే 7 ఇంకా దారుణం. లాక్‌డౌన్ రోజులు. తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి జనం మీదికి వచ్చింది. పన్నెండు మంది పోయారు. తర్వాత ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పినదాని ప్రకారం, ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల వీలుంది. ఒక్కచోట కూడా మోగించలేదు. జనం తలుపులు బాదుకుని, ఫోన్లు చేసుకుని ఒకరినొకరు లేపుకున్నారు. ఆ వేళ మోగిన ఫోన్‌ని ఎవరు ఎందుకు విసుక్కుంటారు? అర్ధరాత్రి ఫోన్ ఆపేసి పడుకోవడం నా హక్కు అని నేను అంటే, వెంకటాపురం మనిషి నవ్వుతాడు. నవ్వడానికి అతనికి హక్కుంది.

అంచేత "పిలిస్తే పలకాలా" అన్న ప్రశ్నకి ఒకటే జవాబు ఉండదు. పిలుపుల్లోనే రెండు జాతులున్నాయి. ఒకటి నీ కోసం వచ్చేది, రెండోది నీ నుంచి ఏదో కావాలని వచ్చేది. సైరన్ మొదటి జాతి. అది నీ జవాబు అడగదు, లేచి పరిగెత్తితే చాలు. దీనికి ఇంకా చక్కటి ఉదాహరణ సముద్రం మీద ఉంది. 2017లో ఒక్కి తుపాను వచ్చినప్పుడు తీరానికి దూరంగా ఉన్న కేరళ, తమిళనాడు మత్స్యకారులకి కబురు అందించే దారి లేక చాలామంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వాళ్ళు, మరికొన్ని సంస్థలు కలిసి జెమినీ అనే పరికరం తెచ్చారు. ఉపగ్రహం ద్వారా తుపాను హెచ్చరిక, చేపలు దొరికే చోటు పడవకి చేరతాయి. మొదట వచ్చిన ఆ పరికరం ఒకవైపే పనిచేసేది. కబురు అందుతుంది, తిరిగి చెప్పడానికి వీల్లేదు. ఇంజనీర్లు దాన్ని లోపం అన్నారు. ఆపదలో ఉన్నవాడు కేక వేయలేకపోవడం లోపమే, కాదనను. కానీ ఓనరు "ఎంత పడింది, ఎప్పుడొస్తావు" అని గంటకోసారి అడగడానికి కూడా వీల్లేని యంత్రం అది. తుపాను సంగతి మాత్రం చెప్తుంది, మిగతా వేళ మనిషిని సముద్రానికి వదిలేస్తుంది.

మన చిక్కంతా ఈ రెండు జాతుల పిలుపులూ ఒకే జేబులో, ఒకే చప్పుడుతో మోగడం. వెంకటాపురం ఫోనూ, "రేపటి రిపోర్టు ఏమైంది" అన్న ఫోనూ ఒకేలా మోగుతాయి. మొదటిదాని భయంతో రెండోదాన్ని కూడా ఎత్తుతాం. పైవాడికి ఈ సంగతి తెలుసని నేననను, కానీ లాభం మాత్రం అతనికే.

ఈ విభజన కూడా పూర్తిగా నిలబడదనుకోండి. అమ్మ ఫోన్ చేసి "ఏం తిన్నావురా" అంటుంది. అది నా కోసమా, నా నుంచా? ఆవిడకి కావలసింది నా గొంతు. అయినా మీటింగులో ఉండి ఆ ఫోన్ కట్ చేస్తాం, పై అధికారిది మాత్రం స్నానాల గదిలోంచైనా ఎత్తుతాం. ఎవరి పిలుపు కాదంటే ఎక్కువ నష్టమో దానికి ముందు పలుకుతున్నాం, ఎవరికి ఎక్కువ బాకీ ఉన్నామో వాళ్ళకి కాదు. ఇందులో ధర్మం కంటే భయం పాలు ఎక్కువ.

ఫ్రాన్స్‌లో 2017 నుంచి పనివేళలు దాటాక ఫోన్‌కి దూరంగా ఉండే హక్కుని చట్టంలో రాసుకున్నారు. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే అలాంటి ప్రైవేటు బిల్లు ఒకటి పెట్టారు, అది చట్టం కాలేదు. ఇక్కడ గాలి ఇంకోవైపు వీస్తోంది: 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజుకి గరిష్ఠ పనిగంటలు తొమ్మిది నుంచి పదికి పెంచడానికి ఒప్పుకుంది. అయితే ఆ హక్కు వచ్చినా, దాంతోనే పని తీరదని నాకనిపిస్తుంది. రిలీవరు లేకుండా ఫోన్ ఆపేస్తే పని ఎక్కడికీ పోదు, రేపు పొద్దున్న రెట్టింపై కూచుంటుంది. స్టీల్‌ప్లాంటు మనిషికి విశ్రాంతి దొరికింది ఎవరో దయతలిచి ఫోన్ చేయకపోవడం వల్ల కాదు. అతని చోట ఇంకో మనిషిని జీతమిచ్చి నిలబెట్టడం వల్ల. ఖర్చంతా అక్కడే ఉంది, అందుకే ఆ మాట ఎవరూ ఎత్తరు.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్లు కడతామని ప్రకటించింది. సముద్రం అడుగు నుంచి కేబుళ్ళు వస్తాయంటున్నారు. ఇంకో ఆగకూడని కొలిమి అన్నమాట, ఈసారి వేడెక్కనివ్వకుండా చూసుకోవాల్సిన కొలిమి. భూమి ఎంత, కరెంటు ఎంత, నీళ్ళు ఎక్కణ్ణించి అని జనం అడుగుతున్నారు, అడగాలి కూడా. వాటితోపాటు అక్కడ కాపలా ఉండేవాళ్ళకీ, ఏసీలు చూసేవాళ్ళకీ, తెరల ముందు కూచునేవాళ్ళకీ షిఫ్టు ఎన్ని గంటలో, పిలిస్తే వచ్చేందుకు ఇంట్లో సిద్ధంగా ఉన్న వేళకి హాజరు డబ్బులుంటాయో లేదో, రిలీవరు రాకపోతే ఎంతసేపు ఆగాలో కూడా అడగాలి. పునాదులు పడకముందే అడిగితే బాగుంటుంది.