భారము, బరువు

పఠనము: గలతీయులకు 6:1-5

ఇంగ్లాండులోని టైను నదిపై పూర్వము 'కీల్‌మెన్' అను పడవవారుండిరి. రేవులలో పడవకు సుమారు 21 టన్నుల బొగ్గు నింపుకొని, నదీముఖమున నిలిచిన ఓడలలోనికి పారలతో ఎత్తిపోయుట వారి పని. వీరు తమ కూలిలో కొంత తీసియుంచి, తమలోని వృద్ధులకును రోగులకును 1701లో న్యూకాసిల్ పట్టణమున ఆశ్రయగృహము కట్టించుకొనిరి. ఆ కట్టడము నేటికిని నిలిచియున్నది.

పౌలు రెండవ వచనమున 'భారము' అనియు, అయిదవ వచనమున 'బరువు' అనియు చెప్పుచున్నాడు. గ్రీకు మూలమునను ఇవి వేర్వేరు మాటలు. రెండవది ఓడ సరకునకును చెల్లును. అపొస్తలుల కార్యములు 27:10లో ఆ మాటయే యున్నది. ఏ ఓడ సరకు ఆ ఓడయే మోయవలెను. ఎవని పనికి వాడే దేవునికి లెక్క చెప్పవలెను. అయితే వార్ధక్యము, వ్యాధి, వైధవ్యము ఒంటరివానిని క్రుంగదీయు భారములు. వాటికి తోటివాని భుజము కావలెను.

ఆ పడవవారు ఎవరి పార వారే పట్టిరి. పార పట్టలేనివానిని విడిచిపెట్టలేదు. 'వాని బరువు వానిదే' యని అయిదవ వచనమును అడ్డుపెట్టుకొని రెండవ వచనమును దాటిపోవు సంఘము క్రీస్తు నియమమును నెరవేర్చినది కాదు.

ప్రార్థన: ప్రభువా, మా బరువును సణుగక మోయుటకును, పొరుగువాని భారమునకు భుజము పట్టుటకును కృపనిమ్ము. ఆమేన్.