పూచీ ఎవరిది?

అనాథ యువకులచేత చిన్న వ్యాపారములు పెట్టించి వారిని దారిద్ర్యమునుండి గట్టెక్కింపవచ్చునను ప్రస్తావన వచ్చినపుడెల్ల మన పెద్దలకు చచ్చిన యెలుక కథ జ్ఞాపకము వచ్చును. పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పిన కథ యది. బాలుడు తల్లి కడుపులో నుండగనే తండ్రి గతించెను. ఉన్నదంతయు జ్ఞాతులు కాజేసిరి. తల్లి పరుల యిండ్లలో పనిచేసి వానిని పెంచి, ఒక ఉపాధ్యాయుని బ్రతిమాలి వ్రాతయు లెక్కయు నేర్పించెను. ఆ బాలుడు విశాఖిలుడను వర్తకునియొద్దకు పెట్టుబడి యడుగబోయి, అచ్చట నేలపై పడియున్న చచ్చిన యెలుకనే అప్పుగా గైకొని రసీదు వ్రాసి యిచ్చెను. వర్తకుడు నవ్వెను. ఎలుకను పిల్లికి మేతగా నమ్మగా రెండు దోసిళ్ల సెనగలు వచ్చెను. వానిని పిండిచేసి, కుండతో మంచినీళ్లు తీసికొని, ఊరి వెలుపలి కూడలిలో నీడపట్టున నిలిచి, అలసివచ్చు కట్టెలవారికి అందించెను. వారు తలకు రెండేసి కట్టెలు ఇచ్చిరి. అట్లు కూడబెట్టిన సొమ్ముతో మూడుదినముల కట్టెలన్నియు కొని యుంచి, వానలు పట్టి కట్టెలు కరవైనపుడు అమ్మి, అంగడి పెట్టెను.

ఈ కథను మేము చాలకాలము బుద్ధిబలమునకు ప్రశంసగానే యెంచితిమి. కాని మరల చూడగా మా దృష్టి ఎలుకపై నిలువలేదు, తల్లిపై నిలిచినది. ఎవరి వాకిలి తట్టవలెనో చెప్పినది ఆమె. విశాఖిలుడు మంచి కుటుంబములో పుట్టిన పేదలకు అప్పులిచ్చునని కూడ చెప్పినది. ‘నీవెవరి బిడ్డవు?’ అని యడిగినచో చెప్పుటకు ఆ బాలునికి సమాధానము కలదు. తల్లియును లేక, వంశమును తెలియని పిల్లవాడు ఆ వాకిటికి వచ్చియున్నచో ఎలుకయైనను దొరకియుండునా?

మన దేశమున బాలల సంరక్షణకై 2015లో చేసిన చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండినవాడు బాలుడు కాడు, ఆశ్రమము విడువవలెను. విడిచినవారికి 21 ఏండ్ల వరకు కొంత తోడ్పాటు ఇయ్యవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. మంచిదే. మన యిండ్లలో 18 ఏండ్ల పిల్లవానికి సొంతముగా పంచ కట్టుకొనుట రాదు, బ్యాంకు కాగితము నింపుట అసలే రాదు. అదే యీడు అనాథను ‘ధైర్యముతో వ్యాపారము చేయుము’ అని ప్రోత్సహించుచున్నాము. మన పిల్లలకు నెలజీతపు ఉద్యోగము కోరి, నష్టమునకు ఓర్చుకొనలేని వానికి మాత్రము సాహసము బోధించుట ఏమి ధర్మము? ఈ ప్రశ్న మమ్ము చాలదినములుగా బాధించుచున్నది.

పెట్టుబడి దొరకదనుట పూర్తిగా నిజము కాదు. 2015లో వచ్చిన ముద్రా పథకమున శిశు తరగతి క్రింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకయే అప్పు కలదు. అయినను అప్పు వేఱు, ఆసరా వేఱు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలు 2011లో వెలువరించిన గ్రంథమున చెన్నై పండ్ల బండ్లవారిని గూర్చి వ్రాసిరి: ఉదయము వేయి రూపాయల సరకు అరువు తెచ్చి, రాత్రికి సగటున 1,046 రూపాయల 90 పైసలు చెల్లింతురట. నూటికి నాలుగున్నరకు పైబడిన వడ్డీ, అదియు ఒక్కదినమునకు! ఇంటివారున్న బండివాడు ఒక దినము జ్వరముతో పడుకొన్నచో తమ్ముడైనను బండి త్రోయును. అనాథకు ఆ దినము బండి లేదు, భోజనమును లేదు.

హైదరాబాదులోని 104 వాడలలో చిన్న అప్పుల ఫలితమును ఆ పండితులే తమ సహచరులతో పరిశీలించిరి. 2015లో ప్రకటింపబడిన ఆ పరిశీలనలో అప్పు దొరకిన వాడలలో వ్యాపారపు పెట్టుబడి కొంత పెరిగినను, కుటుంబముల వినియోగము చెప్పుకోదగినట్లు పెరుగలేదు. అదే యేట ఆరు దేశముల పరిశీలన యొకటి వెలువడినది. అందు కటిక పేద కుటుంబములకు పశువునో సరకునో ఊరకయే యిచ్చి, కొన్నినెలల తిండికి సొమ్మిచ్చి, పని నేర్పి, ఒక మనిషి తఱచు వచ్చి మంచిచెడ్డలు కనుగొనుచుండగా, మూడేండ్లకును మేలు నిలిచినది. అది అనాథలను గూర్చిన పరిశీలన కాదు. అయినను మాకు ఆ తఱచు వచ్చు మనిషియే ముఖ్యముగా తోచుచున్నాడు.

ఊరక యిచ్చినచో సోమరులగుదురని కొందఱందురు. ఆ భయమును మేము తేలికగా కొట్టివేయము. పుచ్చుకొనువాని తలయెత్తనీయని దానము మేమును చూచితిమి. కాని తండ్రి కుమారుని అంగడికిచ్చిన సొమ్మును దానమని యెవరనుచున్నారు? మొదటి అంగడి మునిగినచో రెండవది పెట్టించుటను గారాబమందురేకాని బిచ్చమనరు. పేరు మారినది, పని యొక్కటే.

మన మాట చూతము. సోలాపురము మగ్గములకు వచ్చిన పద్మశాలీలు కాని, బొంబాయిలో కామాటిపురకు పేరు తెచ్చిన కూలివారు కాని, భాష తెలియని యూరిలో తమ పూచీ తాము పడిరా? మేనమామ యిల్లో, ఊరివాని అరుగో ముందుండెను. దొర యడిగినపుడు ‘వీడు మావాడే’ అని యొకడు పలికెను.

మొన్న మా మిత్రులలో ఈ చర్చ వచ్చినది. ఆశ్రమమునుండి వచ్చిన యువకు డొకడు ఇస్త్రీ కొట్టు పెట్టదలచెను. పెట్టె, బొగ్గులు, బల్ల సమకూరినవి. చందా వేయుమనగా ఎవరును వెనుదీయలేదు. కొట్టు అద్దె కాగితముపై మాత్రము ‘పూచీదారు’ అని యొక గడి యున్నది. యజమాని అది నిండనిదే తాళము ఈయనన్నాడు. ఇద్దఱు చేవ్రాలు చేసిరి. మూడవవారు ఇంట అడిగి చెప్పెదమన్నారు.